బర్కిలీ నుంచి ఏంజెల్ ఐలాండ్‌కి అద్దె పడవలో ఒక రోజు: ఇద్దరితో అయ్యే పనేనా?

బర్కిలీ మెరీనాలో 30 అడుగుల తెరచాప పడవ అద్దెకు తీసుకుని, ఏంజెల్ ఐలాండ్‌లోని అయాలా కోవ్ రేవులో కట్టేసి, భోంచేసి, సాయంత్రానికి వెనక్కి రావడం: శాన్ ఫ్రాన్సిస్కో బేలో ఇద్దరికి దీన్ని మించిన ఒక్కరోజు విహారం దొరకదు. కాకపోతే ఏ రోజు వెళ్లాలన్నది మీ సెలవును బట్టి కాదు, ఆటుపోట్లను బట్టి తేల్చుకోవాలి. ఇదొక్కటీ పట్టించుకోకుండా శనివారం ఖాళీ ఉంది కదా అని బుక్ చేసుకున్నవాళ్లే వచ్చాక రెండు స్టార్లిస్తారు. మా లెక్కలో పడవ అద్దెకు 5కి 4, అయాలా కోవ్ స్లిప్పులకు (రేవులో పడవ కట్టే గళ్లు) 4, అక్కడి మూరింగ్ బోయలకు (పడవ కట్టుకోవడానికి నీటిలో తేలే గుండ్లు), ఇద్దరే ఉంటే, 2.

ముందు కాగితాల సంగతి. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఇంజన్ ఉన్న పడవ నడిపే ఏ వయసు వాళ్లకైనా బోటర్ కార్డు ఉండాలి. అద్దె పడవ నడిపేవాళ్లకు మినహాయింపు ఉంది. అంతమాత్రాన తాళాలు చేతికిచ్చేస్తారనుకోవద్దు. ఈ సైజు పడవకు సెయిలింగ్ క్లబ్బులు మామూలుగా ఏఎస్ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) 101, 103 కోర్సుల లేదా యూఎస్ సెయిలింగ్ వారి అదే స్థాయి సర్టిఫికెట్ అడుగుతాయి. పైగా తమ మనిషిని ఎక్కించి ఒకసారి చూస్తాయి. సర్టిఫికెట్ లేకపోతే కెప్టెన్‌తో సహా తీసుకోవడం మేలు. అప్పుడు ఖర్చు పెరుగుతుంది కానీ, ఈ రివ్యూలో సగం సంగతులు మీ తలనొప్పి కాకుండా పోతాయి. ఒప్పందంలో రెండు చోట్ల ఆగి చదవండి: డిపాజిట్‌లోంచి ఏ నష్టానికి ఎంత కోస్తారు, గోల్డెన్ గేట్ దాటి బయటికి వెళ్లొచ్చా లేదా. చాలామంది దాటనివ్వరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు దాటాల్సిన పనీ లేదు.

ఇక అసలు లెక్క. బర్కిలీ నుంచి అయాలా కోవ్ దాదాపు నేరుగా పడమర, దీవికి ఉత్తరం పక్క నుంచి చుట్టి వెళ్తే సుమారు 6 నాటికల్ మైళ్లు. గాలి వచ్చేదీ పడమర నుంచే. వేసవిలో సెంట్రల్ వ్యాలీ కాగిపోయి అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. పొద్దున తొమ్మిదింటికి ఆకు కదలకపోయినా, మధ్యాహ్నం రెండు మూడింటికి 20 నుంచి 25 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) మామూలే. కాబట్టి పొద్దున ఇంజన్ మీద వెళ్లి, మధ్యాహ్నం గాలి వీపున పెట్టుకుని రావాలి. బర్కిలీ నుంచి బయల్దేరడంలో ఉన్న సుఖం ఇదే. పడమర గట్టునున్న సాసలీటో నుంచైతే దూరం సగమే కానీ, తిరుగు ప్రయాణం గాలికి ఎదురీత.

దీనికి నీటి లెక్క జోడించండి. ఆటు (దిగే) నీరు పడమరకు, గోల్డెన్ గేట్ వైపు పోతుంది. పోటు (ఎక్కే) నీరు తూర్పుకు వస్తుంది. పొద్దున ఆటు, మధ్యాహ్నం పోటు ఉన్న రోజు దొరికితే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నీరు మీ పక్షమే. ఇది వేగం కోసం మాత్రమే కాదు. మధ్యాహ్నం గాలీ పోటూ ఒకే దిక్కున పోతుంటే నీళ్లు చదునుగా ఉంటాయి. అదే గాలికి ఎదురుగా ఆటు లాగుతుంటే, ముఖ్యంగా ఎదుటి గట్టునున్న టిబురాన్ ఊరికీ దీవికీ మధ్యనున్న రకూన్ స్ట్రెయిట్ జలసంధిలో, కెరటాలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. గాలి వేగం ఒక్క నాట్ కూడా మారదు, పడవలో ఉన్నవాళ్ల ముఖాలు మాత్రం మారిపోతాయి.

నోవా (అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో టైడ్ (నీటి మట్టం) పట్టిక ఒక్కటే చూస్తే చాలదు, కరెంట్ (నీటి ప్రవాహం) పట్టిక కూడా చూడాలి. నీటి మట్టం బాగా దిగిన సమయం, నీటి ప్రవాహం ఆగిన సమయం ఇక్కడ ఒకటి కావు. రెంటికీ మధ్య గంటా, అంతకన్నా ఎక్కువా తేడా వస్తుంది. ప్రవాహం ఆగి తిరగబడే సమయం మధ్యాహ్నం పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య పడే రోజు చూసి బుక్ చేయండి. ఇందులో ఒక మెలిక ఉంది: ఆ రోజుల్లో మీరు రేవులో ఉండే వేళకే నీరు బాగా దిగి ఉంటుంది. అయాలా కోవ్‌లో ఒడ్డువైపు స్లిప్పుల్లో లోతు తక్కువ. 30 అడుగుల పడవకు కీల్ (అడుగున ఉండే బరువైన రెక్క) ఐదు, ఐదున్నర అడుగులు కిందికి ఉంటుంది. అందుకని టైడ్ పట్టికలో మైనస్ అంకె ఉన్న రోజు వదిలేసి, అక్కడ బయటివైపు స్లిప్పే పట్టుకోండి. మైనస్ రోజున బర్కిలీ మెరీనా ముఖద్వారం దగ్గర కూడా లోతు నమ్మడానికి లేదు.

పడవ అప్పగించేటప్పుడు క్లబ్బు మనిషి పది నిమిషాల్లో అన్నీ చూపించి వెళ్లిపోతాడు. మీరు అరగంట తీసుకోండి. డీజిల్ ఇంజన్ ఆయిల్, కూలెంట్, బెల్టు చూశాక, ఇంజన్‌ని చల్లార్చే సముద్రపు నీరు లోపలికొచ్చే సీకాక్ (కవాటం) పిడి చూడండి: పైపుతో పాటు నిలువునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. స్టార్ట్ చేయగానే వెనక్కి వెళ్లి ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు చిమ్ముతున్నాయో లేదో కళ్లారా చూడాలి. పొగ మాత్రమే వస్తుంటే వెంటనే ఆపేయండి, నీళ్లు లేకుండా తిరిగితే ఇంపెల్లర్ (ఆ నీటిని తోడే పంపు చక్రం) రబ్బరు రెక్కలు నిమిషాల్లో చిరిగిపోతాయి. బ్యాటరీ స్విచ్‌ని ఇంజన్ నడుస్తుండగా ఆఫ్‌కి తిప్పొద్దు, ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోతాయి, దాని ఖరీదు డిపాజిట్‌లోంచి పోతుంది. రేడియో 16వ ఛానల్ మీద ఉంచి, పెద్ద ఓడల కబుర్లకు 14 కూడా వినండి. లైఫ్ జాకెట్లు ఇద్దరికీ సరిపోయేవి ఉన్నాయా, ఫ్లేర్ల (ఆపదలో వెలిగించే సంకేతాల) గడువు దాటిందా అన్నదీ మీరే చూసుకోవాలి. టాయిలెట్ పంపు ఎలా వాడాలో సిగ్గుపడకుండా అడిగి తెలుసుకోండి. లీవరు ఒక పక్కకు తిప్పితే బయటి నీళ్లు వస్తాయి, ఇంకో పక్కకు తిప్పితే గిన్నె ఖాళీ అవుతుంది. టిష్యూ పేపరు వేశారంటే ఆ రోజు అక్కడితో సరి.

బయల్దేరే ముందే, రేవులో ఉండగానే, మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) దారిలో ఎత్తాల్సి వస్తుందేమోనని దానికి మొదటి రీఫ్ వేసేయండి, అంటే కొంత మడిచి చిన్నది చేసేయండి. పొద్దున అది అనవసరంగానే కనిపిస్తుంది. గాలి పెరిగాక ఊగే పడవ మీద ఇద్దరే ఆ పని చేయాలంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

మెరీనా ముందున్న రాళ్ల గోడ దాటాక ఎడమవైపుకు, అంటే దక్షిణానికి పోవద్దు. పాత బర్కిలీ పియర్ శిథిలాలు బేలోకి చాలా దూరం పొడుచుకుని ఉన్నాయి. పడమరగా పోతే సౌతాంప్టన్ షోల్ ఛానల్ అడ్డం వస్తుంది. రిచ్‌మండ్ వైపు వెళ్లే ట్యాంకర్లు తిరిగేది అందులోనే. వాటికి దారివ్వాల్సింది మీరే, తెరచాప ఎత్తినా ఎత్తకపోయినా. దూరాన కదలనట్టు కనిపించే ఓడ పది నిమిషాల్లో మీదికొస్తుంది. ఛానల్‌ని ఏటవాలుగా కాకుండా సూటిగా అడ్డంగా, త్వరగా దాటేయండి.

అయాలా కోవ్ స్లిప్పులు ఎవరు ముందొస్తే వాళ్లవి, రిజర్వేషన్ లేదు. ఎండాకాలం వారాంతాల్లో పదకొండు లోపు చేరితే మంచిది. డే యూజ్ రుసుము రేవు దగ్గరే కట్టాలి. సూర్యాస్తమయానికల్లా ఖాళీ చేయాలి, రాత్రి ఉండనివ్వరు. జంటలు గొడవపడేది సముద్రం మీద కాదు, ఇక్కడే. చుక్కాని దగ్గరున్న మనిషి చెప్పేది పడవ ముక్కు దగ్గరున్న మనిషికి ఇంజన్ మోతలో వినపడదు, అరిస్తే కోప్పడినట్టు ఉంటుంది. ముందే నాలుగు చేతి సైగలు అనుకోండి: ముందుకు, వెనక్కి, న్యూట్రల్, వదిలేసి మళ్లీ వద్దాం. తాడు పట్టుకున్నవాళ్లు ముక్కు మీద నిలబడకూడదు. పడవ నడుమ, ష్రౌడ్ తీగల (తెరచాప స్తంభాన్ని పక్కల నుంచి పట్టి ఉంచేవి) దగ్గర నిలబడితే రేవు మీదికి అడుగు వేయొచ్చు, దూకక్కర్లేదు. మొదట కట్టాల్సింది నడుమ క్లీట్ (తాడు కట్టే కొమ్ము) నుంచి వెనక్కి పోయే స్ప్రింగ్ లైన్ అనే తాడు. అది రేవు మీది క్లీట్‌కి పడ్డాక, నెమ్మదిగా ముందు గేర్ వేసి చుక్కానితో ముక్కును రేవు నుంచి బయటికి తిప్పినట్టు పట్టుకుంటే, పడవ రేవుకు అతుక్కుని అలాగే ఉంటుంది. మిగతా తాళ్లు తీరిగ్గా కట్టుకోవచ్చు. నాలుగైదు టన్నులుండే పడవను కాలితో ఆపబోవద్దు. విరిగేది కాలే. ఫెండర్లు (దెబ్బ తగలకుండా కాచే మెత్తలు) ఉన్నవన్నీ రేవువైపు వేలాడదీయండి. ఫెర్రీ వచ్చినప్పుడల్లా అల తగిలి పడవ రేవుకేసి కొట్టుకుంటుంది.

మూరింగ్ బోయలకు తక్కువ మార్కులెందుకంటే, అక్కడ నీరు సుడి తిరుగుతుంది, ఒక్క బోయకు కడితే పడవ గిరగిరా తిరిగి పక్కవాళ్ల మీద పడుతుంది. అందుకే ముందొకటి, వెనకొకటి, రెండు బోయలకు కట్టాలి. బోయ రింగు నీటికి దగ్గరగా ఉంటుంది, పడవ ముక్కు నాలుగడుగుల ఎత్తున. బోల్తా పడ్డట్టు వంగి తాడు దూర్చడం కన్నా, పడవను వెనక్కి నడిపి బోయను వెనకవైపు, ఎత్తు తక్కువున్న చోట అందుకోండి. ముక్కు నుంచి పక్కగా ముందే తెచ్చుకున్న తాడు రింగులోంచి తీసి, అదే ముక్కు క్లీట్‌కి కట్టండి. తాళ్లు 50 అడుగులకు తక్కువైతే చాలవు. రాత్రి ఉండేవాళ్లకు బోయలు తప్పవు. పగటి పూటకు ఆ శ్రమ దండగ.

దీవి మీద 5 మైళ్ల చుట్టుదారి, 788 అడుగుల లివర్మోర్ శిఖరం, రెండూ ఒకే మధ్యాహ్నంలో కుదరవు. ఒకటే చూడాలంటే ఇమిగ్రేషన్ స్టేషన్ చూడండి, నడిస్తే అరగంట పైచిలుకు. 1910 నుంచి 1940 దాకా పసిఫిక్ మీదుగా వచ్చినవాళ్లను, ఎక్కువగా చైనీయులను, ఇండియా వాళ్లను కూడా, ఆపి ప్రశ్నించింది ఇక్కడే. ఆ చెక్క గోడల మీద చెక్కిన చైనీస్ కవితలు ఇప్పటికీ ఉన్నాయి. హెచ్1బీ స్టాంపింగ్ క్యూల గురించి మాట్లాడుకునే మన జనం ఒక్కసారైనా చూడాల్సిన చోటు. వెళ్లే రోజు తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. కుక్కను తెస్తే మాత్రం దిగనివ్వరు.

తిండి ఇంటినుంచే తెచ్చుకోవాలి. కేఫ్ ఉన్నా దాని వేళలు నమ్ముకోలేం. పులిహోర, దద్దోజనం, వేపుడు ముక్కలు మూత బిగిసే డబ్బాల్లో తెచ్చి రేవులోనే తినేయండి. ఊగే పడవలో చారు పోసుకునే సాహసం వద్దు. డబ్బా మూత తీసి పక్కకు తిరిగితే సీగల్స్ తన్నుకుపోతాయి. వాంతులయ్యేవాళ్లు మందు బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక పనిచేయదు. బట్టల విషయంలో శాన్ హోసే ఎండను చూసి మోసపోవద్దు. ఇక్కడి నీరు వేసవిలో కూడా 15 డిగ్రీల అటూఇటూ. కాటన్ హుడీ తడిస్తే ఇక ఆరదు, గాలి ఆపే జాకెట్ ఇద్దరికీ ఉండాల్సిందే.

వంట ఓపిక లేకపోతే టిబురాన్‌లో సామ్స్ యాంకర్ కేఫ్‌కి సొంత రేవు ఉంది, పడవ కట్టేసి తినొచ్చు. నీరు దిగిన వేళ లోతెంత ఉందో ముందు ఫోన్ చేసి అడగాలి.

తిరుగు ప్రయాణం మూడింటికి మొదలుపెట్టండి. మెయిన్ ఎత్తకుండా ఒక్క జిబ్‌తోనే (ముందు తెరచాప) రండి. గాలి వెనకనుంచి ఉన్నప్పుడు మెయిన్ బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే దూలం) పొరపాటున ఒక పక్క నుంచి ఇంకో పక్కకు విసురుగా తిరిగితే తలలు పగులుతాయి, జిబ్‌కి ఆ భయం లేదు. కాస్త వేగం తగ్గినా నష్టం లేదు. జిబ్ విప్పేటప్పుడు ఫర్లింగ్ తాడును (జిబ్‌ను చుట్టే తాడు) వదులుగా విడిచేయకుండా చేత్తో బిగపట్టి వదలాలి. వదులైతే డ్రమ్ము లోపల తాడు చుట్ల మీద చుట్లు పడి చిక్కుకుంటుంది, తర్వాత 25 నాట్ల గాలిలో తెరచాప మూసుకోదు. అద్దె పడవల్లో ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే.

రాళ్ల గోడకు బయట, విశాలంగా ఉన్నచోటే తెరచాప చుట్టేయండి. ఇంజన్ వేసే ముందు రెండు పక్కలా నీళ్లలోకి చూడాలి, జిబ్ షీట్ (జిబ్‌ను లాగి పట్టే తాడు) ఒకటి వేలాడుతూ ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే సరిగ్గా గాలి రాళ్ల వైపు నెట్టే చోట ఇంజన్ ఆగిపోతుంది. లోపలికి వచ్చాక గాలి ఇంకా వెనకే ఉంటుంది, న్యూట్రల్‌లో కూడా పడవ రెండు నాట్లతో పోతుంది. స్లిప్పు మలుపుకు ముందే రివర్స్ వేసి చూసుకోండి, తిరిగాక కాదు. మలుపు తప్పితే పంతం పట్టొద్దు. వరుస చివరిదాకా పోకుండా మధ్యలోనే వెనక్కి తిరిగి రండి, చివర మళ్లేంత చోటుండదు.

అప్పగించే ముందు పడవ రెండు పక్కలా ఫోటోలు తీయండి, పొద్దున తీసినవి కూడా దాచుకోండి. షోర్ పవర్ కేబుల్ (రేవు నుంచి పడవకు కరెంటు తెచ్చేది) గుచ్చి, మెలితిప్పి, రింగు బిగించాక బ్రేకర్ వేయాలి. ఆ క్రమం తప్పితే ప్లగ్గు మాడుతుంది. మెరీనా గేటు తాళంచెవి జేబులోనే పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు ఎక్కువ, దానికీ డిపాజిట్ కోస్తారు.