సబ్బులా, మందులా, రొయ్యల మేతా: డెల్టాలో సేల్స్‌లోకి దిగేవాళ్లకి ఏది మేలు?

డిగ్రీ అయిపోయి, ఊరికి మరీ దూరం పోకుండా సేల్స్‌లో చేరదామనుకునే కుర్రాళ్ల ముందు ఏలూరు నుంచి కాకినాడ దాకా ఎక్కువగా కనిపించే దారులు మూడు. ఒకటి ఎఫ్‌ఎంసీజీ: సబ్బులు, టీ పొడి, బిస్కెట్లు కిరాణా కొట్లకి వేయడం. రెండోది మెడికల్ రెప్. మూడోది ఆక్వా: రొయ్యల మేత, చెరువు మందులు. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చినవాళ్లు పోల్చుకునేది మాత్రం జీతం ఒక్కటే. రెండు మూడు వేల తేడా చూసి చేరితే ఆ తేడా కాస్తా పెట్రోలు బంకులోనే దిగిపోతుంది. చూడాల్సినవి వేరే. జీతం వేసేది కంపెనీయా, డీలరా? అమ్మిన సరుకు డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుంది? మూడేళ్ల తర్వాత ఇంకో కంపెనీ పిలిచి ఉద్యోగమిచ్చే పనితనం ఏం మిగులుతుంది? వీటిలో రెండోదే అసలు ప్రశ్న. అమ్మడం చాలామందికి వస్తుంది. డెల్టాలో సేల్స్ మనిషి పైకొచ్చేదీ మునిగేదీ వసూళ్ల దగ్గరే.

సబ్బుల లైను

ఇక్కడ బాకీ చిన్నది, రోజూ తిరిగేది. కొట్టుకి వేసే బిల్లు వందల్లోనో, రెండు మూడు వేలల్లోనో ఉంటుంది. వారం తర్వాత అదే బీటుకి (రోజువారీ తిరిగే కొట్ల వరసకి) వెళ్లి పాత బిల్లు కట్టించుకుని కొత్తది వేస్తారు. ‘అరువు రేపు’ అని బోర్డు పెట్టుకున్న కొట్టాయన కూడా సేల్స్‌మన్ దగ్గర మాత్రం అరువే అడుగుతాడు, అది వేరే సంగతి. ఒక కొట్టు మూతపడినా పోయేది ఒక బిల్లు. కొత్తవాడు తప్పు చేసి నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన చోటు లేదు.

రోజుకి నలభై కొట్లు ఎక్కి దిగాలి. అందులో పాతిక కొట్లలో బిల్లు పడితే ఆ రోజు బాగున్నట్టే. కొత్తగా చేరినవాళ్లు గుమ్మంలో నిలబడి “ఏం కావాలండీ?” అంటారు. “ఏం వద్దు, వచ్చే వారం చూద్దాంలే” అనే జవాబు అప్పటికే తయారుగా ఉంటుంది. అడగకుండా ముందు అర చూడాలి. కిందటి వారం ఆ సబ్బు 12 అమ్ముడైంది, ఇప్పుడు అరలో 7 ఉన్నాయి అనుకోండి. వారం అమ్మకానికి ఒకటిన్నర రెట్లు, అంటే 18 ఉండాలి. 18 లోంచి 7 తీస్తే 11. “డజను వేస్తానండీ, మళ్లీ వచ్చేదాకా సరిపోతాయి” అంటే కొట్టాయన కాదనడానికి కారణం వెతుక్కోవాలి. ఈ లెక్క లేకుండా నెలాఖరు టార్గెట్ కోసం రెండు కేసులు దింపితే ఎలకలు కొట్టినవీ డేటు దాటినవీ మూడు నెలల తర్వాత వెనక్కొస్తాయి. ఆ కొట్టు ఆ తర్వాత బిల్లు వేయనివ్వదు.

ఊళ్లలో చేతిలో డబ్బు ఆడే వేళలు పంటను బట్టి ఉంటాయి. సార్వా (ఖరీఫ్ వరి) కోత డబ్బు సంక్రాంతికి, దాళ్వా (రబీ వరి) డబ్బు వేసవి పెళ్లిళ్లకి దిగుతుంది. పెద్ద ప్యాకెట్లు అప్పుడు కదులుతాయి, మిగతా రోజుల్లో ఐదు పది రూపాయల సాషేలే. బీటు వేసేటప్పుడు గోదావరిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నరసాపురంలో గోదాము పెట్టుకుని సఖినేటిపల్లి వైపు అమ్మాలంటే పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. అలాంటి బీటుకి నలభై కొట్లు వేసిన మేనేజరు మ్యాపు చూసి వేశాడన్నమాట.

ఈ లైనులో చిక్కల్లా పైకెక్కే మెట్ల దగ్గర, అంటే ప్రమోషన్ల దగ్గర. సేల్స్‌మన్ చాలాచోట్ల డిస్ట్రిబ్యూటరు మనిషి, లేదంటే మధ్యలో ఏజెన్సీ మనిషి. టీషర్టు మీద కంపెనీ పేరు ఉంటుంది, జీతం స్లిప్పు మీద ఉండదు. పైనున్న సేల్స్ ఆఫీసరు పోస్టుకి ఎంబీఏ కుర్రాణ్ణి బయటి నుంచి తెస్తారు. అందుకే ఇంటర్వ్యూలో ఒకటి అడగాలి: ఇప్పుడున్న ఆఫీసర్లలో బీటు తిరిగి పైకొచ్చినవాళ్లు ఎంతమంది? ఒక్కరూ లేరంటే అక్కడ రెండేళ్లు పని నేర్చుకోవడానికే.

ఆ రెండేళ్లలో డిస్ట్రిబ్యూటరు లెక్క వంటబట్టించుకోవాలి. గోదాములో సరుకు 10 లక్షలు, మార్కెట్లో బాకీ 6, కంపెనీ నుంచి తిరిగి రావాల్సిన డబ్బు, అంటే క్లెయిములు 2: పెట్టుబడి 18 లక్షలు. నెల అమ్మకం 30 లక్షలు, మార్జిన్ 5 శాతం అంటే లక్షన్నర. జీతాలు, ఆటోలు, గోదాము అద్దె కలిపి లక్షా పది వేలు పోతే మిగిలేది 40 వేలు, ఏడాదికి 4 లక్షల 80 వేలు. పెట్టుబడి మీద దాదాపు 27 శాతం. క్లెయిములు రాక 5 లక్షలకి పేరుకుంటే అదే రాబడి 23కి దిగుతుంది. అప్పుడు డిస్ట్రిబ్యూటరు కొత్త సరుకు ఎత్తనంటాడు. ఎందుకంటున్నాడో ఈ లెక్కతో మేనేజరుకి చెప్పగలిగినవాడే ఆఫీసరు పనికి తయారైనవాడు.

మందుల బ్యాగు

మెడికల్ రెప్ పనిలో రాసేది డాక్టరు, ఇచ్చేది షాపు, కొనేది రోగి. ఈ ముగ్గురిలో ఎవరూ రెప్ చేతిలో డబ్బు పెట్టరు. షాపులకి సరుకు వేసే టోకు వ్యాపారి, అంటే స్టాకిస్టు, కంపెనీకి కడతాడు. వసూళ్ల బెడద లేకపోవడం దీని పెద్ద సుఖం. బదులుగా కాచుకుని కూర్చోవాలి. ఓపీ ముగిశాక మధ్యాహ్నం రెండింటికి, మళ్లీ రాత్రి తొమ్మిదికి. రోజుకి పది పదకొండు మంది డాక్టర్లు, ఐదారు షాపులు. గదిలోకి వెళ్లాక దొరికేది ఒకటి రెండు నిమిషాలు. అందులో నాలుగు మందులు చెప్పినవాడివి నాలుగూ మర్చిపోతారు. ఒకటి గట్టిగా, రెండోది పేరు మాత్రం చెప్పి బయటికి రావాలి.

అసలు పని డాక్టరు గదిలో కంటే పక్క షాపులో ఎక్కువ. డాక్టరు గారు రోజుకి ఇద్దరికి రాస్తున్నానన్నారు. నెలకి పాతిక రోజులు, యాభై స్ట్రిప్పులు వెళ్లాలి. షాపులో అడిగితే 18 అంటారు. ఆయన అబద్ధం చెప్పారనుకోవద్దు. ముందు స్టాకు చూడాలి: నెలలో పది రోజులు సరుకు లేకపోయి ఉండొచ్చు. ఉన్నా కదలకపోతే షాపతను మార్జిన్ ఎక్కువున్న వేరే మందు ఇస్తున్నాడేమో చూడాలి. అప్పటికీ తేలకపోతే చీటీలు ఇంకో షాపుకి వెళ్తున్నట్టు. మూడింటికీ విరుగుడు వేరు, ఒకదానికి స్టాకిస్టు దగ్గరికి, ఇంకోదానికి షాపు దగ్గరికి పోవాలి. డాక్టరు దగ్గరికి మళ్లీ పోయి బతిమాలితే ఉన్న పేరూ పోతుంది.

కానుకల రోజులు పోయాయి, కనీసం కాగితం మీద. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి ప్రకారం డాక్టర్లకి బహుమతులు, విహారయాత్రలు కూడదు. గుర్తుగా ఇచ్చే వస్తువు వెయ్యి రూపాయలు దాటకూడదు. శాంపిళ్లు ఒక మందుకి ఒక డాక్టరుకి ఏడాదికి 12 ప్యాకులు మించకూడదు. మేనేజరు ఇంకోలా చేయమంటే ఆ మాట మెయిల్లో పెట్టమనండి. పెట్టడు.

నెలాఖరు ‘క్లోజింగ్’ ఇక్కడా తప్పదు: టార్గెట్ తగ్గితే స్టాకిస్టు మీద సరుకు రుద్దుతారు. అది ఎక్స్‌పైరీగా తిరిగొచ్చేసరికి తర్వాతి టార్గెట్ లోంచి కోత పడుతుంది. అయినా మెట్ల విషయంలో మూడు లైన్లలోకీ ఇదే నిక్కచ్చిగా ఉంటుంది. రెప్, ఏరియా మేనేజరు, రీజినల్ మేనేజరు. రెప్‌ల కోసమే 1976లో చట్టం వచ్చింది, నియామక పత్రం ఇచ్చి తీరాలన్నది అందులోదే; 2025 నవంబరులో ఆ చట్టం పోయి దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది. చిక్కేమిటంటే మేనేజరు అయ్యేసరికి హెడ్‌క్వార్టర్ రాజమండ్రి, విజయవాడ, విశాఖలకి మారొచ్చు. అమలాపురం దాటనంటే ఆ మెట్టు దగ్గరే ఆగిపోతారు.

మేత

డబ్బు తొందరగా కనిపించేది ఇక్కడే. భీమవరం, ఉండి, ఆకివీడు, మొగల్తూరు, ముమ్మిడివరం చుట్టూ తిరిగే మేత కంపెనీల కుర్రాళ్ల ఇన్‌సెంటివ్ చూసి మిగతా లైన్లవాళ్లకి కన్ను కుడుతుంది. ఆ ఇన్‌సెంటివ్ వెనక బాకీ ఎంతో లెక్క వేసి చూడాలి.

ఎకరం వనామీ రకం రొయ్యల చెరువులో రెండు టన్నులు పట్టుబడి (దిగుబడి) అవుతుందనుకుందాం. కిలో రొయ్యకి 1.4 కిలోల మేత పడితే 2,800 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు 112. కిలో 95 రూపాయలనుకుంటే 2 లక్షల 66 వేలు. పదెకరాల రైతుకి 26 లక్షల 60 వేలు. ఇదంతా డీలరు ద్వారా అరువు మీదే, మూడు నాలుగు నెలల పంట తేలేదాకా. రొయ్య పెరిగేకొద్దీ తిండి పెరుగుతుంది కాబట్టి ఆఖరి నెలలోనే దాదాపు సగం మేత పోతుంది. అంటే బాకీ కొండెక్కేది సరిగ్గా కౌంట్ ధర (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్) ఎటు తిరుగుతుందో తెలియని రోజుల్లో. వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి, రొయ్య ఎదగకుండా 100 కౌంట్‌కే అర్జంటుగా పట్టేస్తే మేత డబ్బుకి కూడా చాలదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ కౌంట్ ధర పడింది, “ఆయ్, పట్టుబడి అయ్యాక ఇచ్చేద్దామండీ” అన్న మాట వచ్చే పంటకి వాయిదా పడింది. ఎగుమతిదారు, ఏజెంటు, రైతు, డీలరు: ఈ గొలుసులో ఎక్కడ తెగినా ఫోను మోగేది సేల్స్ కుర్రాడికే.

తగ్గింపు ఇచ్చి అమ్మేవాడు ఈ లైనులో నిలబడడు. రైతుకి ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి పడే మేత లెక్క, చూపించగలిగినవాడు నిలబడతాడు. రెండు టన్నుల పంటకి 1.5 బదులు 1.3తో తేల్చితే 400 కిలోలు, 16 బస్తాలు మిగులు. అదే 95 లెక్కన 38 వేలు. బస్తాకి యాభై తగ్గిస్తే వచ్చేది ఐదారు వేలే. అయితే ఆ తేడా బస్తాలోంచి ఊడిపడదు. వారం వారం విసురు వల వేయించి సగటు బరువు తీయాలి: రొయ్య 20 గ్రాములుంటే 50 కౌంట్. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే (తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తించి మేత మిగిలి ఉంటే తర్వాతి పూట తగ్గించమనాలి. తన మేతే తక్కువ వేయమని చెప్పే సేల్స్‌మన్‌ని రైతు వదలడు. జువాలజీ, ఫిషరీస్ చదివినవాళ్లకి ఇక్కడున్న మొగ్గు ఇదే. చెరువు నీటి పరీక్షలో అమ్మోనియా, ఆల్కలినిటీ అంకెలు చదవలేనివాడు ధర గురించి తప్ప మాట్లాడలేడు. లేబుల్ లేని సీసాలు బ్యాగులో పెట్టుకోవద్దు: క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌లు నిషేధం, ఎగుమతి సరుకులో ఆనవాలు దొరికితే సరుకు సరుకంతా వెనక్కొస్తుంది.

బాకీ జాగ్రత్తలు కొన్ని ముందే చేతిలో ఉండాలి. సొంత ఖాతాలోకి, సొంత ఫోన్‌పేలోకి రూపాయి కూడా వేయించుకోకూడదు. ఒకే రోజు ఒకే మనిషి దగ్గర రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అందుకున్నాక 15 రోజుల గడువివ్వాలి, కట్టకపోతే ఆపైన నెలలోపు కోర్టుకి వెళ్లాలి. మొహమాటానికి నోటీసు ఆలస్యం చేస్తే ఆ చెక్కు బలం పోతుంది. డీలరు తరఫున పూచీ సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

పెట్రోలు లెక్క

రోజుకి 80 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు, మొత్తం 2,000. బండి లీటరుకి 45 ఇస్తే 44 లీటర్ల పైమాటే. లీటరు 110 అనుకున్నా 4,900 దాకా. టైర్లు, సర్వీసు అదనం. ‘పెట్రోలు ఫిక్స్‌డ్ 2,500’ అన్న ఆఫర్‌లో జీతం లోంచి రెండున్నర వేలు తీసి చూడాలి. మందుల కంపెనీల్లో హెడ్‌క్వార్టర్ (ఉన్న ఊరు), ఎక్స్‌స్టేషన్ (వెళ్లి అదే రోజు తిరిగొచ్చే ఊరు), అవుట్‌స్టేషన్ (రాత్రి ఉండాల్సిన ఊరు) అని అలవెన్సు విడివిడిగా ఉంటుంది కాబట్టి ఈ దెబ్బ తక్కువ. ఎఫ్‌ఎంసీజీలో డిస్ట్రిబ్యూటరు ఇచ్చే పెట్రోలే ఎక్కువ మోసం చేసేది.

ఎవరికి ఏది

బీకాం, బీఏ చదివి అసలు అనుభవం లేనివాళ్లు సబ్బుల లైనులో మొదలుపెట్టి, రెండేళ్లకి లెక్కలతో సహా పని వచ్చాక కంపెనీ పేరోల్ ఉన్న చోటికి మారడం మేలు. సైన్సు డిగ్రీనో, ఫార్మసీనో ఉండి, ఊరు మారడానికి అభ్యంతరం లేనివాళ్లకి మెడికల్ రెప్‌ని మించింది లేదు. ఫిషరీస్, జువాలజీ వాళ్లు మేతకి వెళ్లాలి, కానీ మొదటి ఏడాది టెక్నికల్ పోస్టు దొరికితే అదే పట్టుకోవాలి. వసూలు టార్గెట్ ఉన్న పోస్టు చెరువు చదవడం వచ్చాకే. సైన్సు లేనివాళ్లకి మొదటి ఉద్యోగంగా మేత వద్దు, జీతం ఎంతిస్తామన్నా.

పురుగుమందుల కంపెనీలూ ఇదే కోవ, అరువు సార్వా దాళ్వాలతో తిరుగుతుంది. బీఎస్సీ అగ్రికల్చర్ ఉంటే తప్ప పోటీ కష్టం. బీమా ఏజెన్సీని ఉద్యోగంతో పోల్చనే కూడదు, అందులో జీతం ఉండదు.

అరువున్న ఏ లైనులో చేరినా మొదటి వారంలో చేయాల్సింది ఒకటి. పాత సేల్స్‌మన్ వదిలి వెళ్లిన బాకీల జాబితా తీసుకుని డీలరు డీలరు దగ్గరికీ వెళ్లి, ఫలానా తేదీకి బాకీ ఇంత అని సంతకం, ముద్ర వేయించుకోవాలి. కంపెనీ పుస్తకంలో 9 లక్షలు, డీలరు పుస్తకంలో 7 లక్షల 40 వేలు ఉంటే ఆ తేడా ఎక్కువసార్లు స్కీము క్రెడిట్ నోటుల్లోనో, బస్తాల రిటర్నుల్లోనో దొరుకుతుంది. తేడాని అదే రోజు మేనేజరుకి మెయిల్లో పెట్టాలి. పదిహేను రోజులు దాటితే ఆ లక్షా అరవై వేలు కొత్తవాడి పేరునే నడుస్తాయి. ఈ సంతకాలు మూడు నెలలకోసారి మళ్లీ తీసుకుంటూ ఉండాలి. మానేసేటప్పుడు ఆఖరి జీతం, ఇన్‌సెంటివ్ ఆగిపోయేది ఎక్కువగా ఈ కాగితాలు లేకే, అందుకని రాజీనామా ఇచ్చే ముందే అన్నీ చేతిలోకి తెచ్చుకోవాలి. రాజీనామా సంగతి తెలిశాక డీలరు సంతకం పెట్టడానికి తీరిక లేదంటాడు.