పాత పిక్చర్ ట్యూబ్ టీవీ కొనేవారికి జాగ్రత్త: చల్లారిన టీవీనే ఆన్ చేయించి చూడండి

పాతకాలపు కంప్యూటర్ల కోసం పిక్చర్ ట్యూబ్ టీవీలు వెతుకుతున్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల మిత్రులకు ఈ సంగతి ముందే తెలియాలని రాస్తున్నాను. బరంపురంలో పాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఒక దుకాణంలో గత నెల 21 అంగుళాల కలర్ టీవీని 1,800 రూపాయలకు కొని మోసపోయాను.

నా దగ్గర బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటర్ ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 1984లో మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద మన దేశంలోని బడులకు చేరినది ఈ రకం కంప్యూటరే. దానికి చక్కగా సరిపోయే టీవీ మా ఇంట్లోనే ఉండేది. చోటు చాలడం లేదని నిరుడు దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి 150 రూపాయలకు ఇచ్చేశాను. ఆ తొందరపాటుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

నేను దుకాణానికి వెళ్లేసరికే టీవీ నడుస్తోంది, బొమ్మ నిండుగా ఉంది. వెనుక డబ్బా మీద చెయ్యి వేస్తే బాగా వేడిగా తగిలింది కానీ, ఆ వేడికి అర్థమేమిటో అప్పుడు నాకు తట్టలేదు. "ట్యూబు కంపెనీదే బాబూ, పదేళ్లు ఢోకా లేదు" అన్న మాట నమ్మి, బొంతలో చుట్టి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు ఉదయం ఆన్ చేస్తే పావుగంట దాకా తెర మసకగానే ఉంది. మూడో వారానికి తెల్లగా కనిపించాల్సిన అక్షరాలు ఎర్రటి జీరతో అలుక్కుపోయి, ఎనిమిదికీ సున్నాకూ తేడా తెలియకుండా పోయింది. తెలిసిన మెకానిక్ వెనుక మూత తీసి చూపించాడు: ట్యూబు మెడ దగ్గర నిమ్మకాయంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి నల్ల టేపుతో చుట్టి ఉంది. దాన్ని బూస్టర్ అంటారు. మామూలుగా 6.3 వోల్టులతో వేడెక్కాల్సిన, ట్యూబు లోపలి హీటర్ తీగకు అంతకన్నా ఎక్కువ ఇచ్చి, అరిగిపోయిన ట్యూబు నుంచి కొన్నాళ్ల పాటు వెలుగు పిండుతారు. ఆ తరువాత ట్యూబు మరింత త్వరగా చచ్చిపోతుంది. ఆ స్థితిలో ఉన్న ట్యూబు కూడా గంటసేపు వేడెక్కాక బాగానే కనిపిస్తుంది కనుకనే, కొనేవాడు రాకముందే టీవీని ఆన్ చేసి ఉంచుతారు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే దుకాణదారు ఒప్పుకోలేదు.

కాబట్టి డబ్బా చల్లగా ఉందో లేదో చేత్తో తాకి చూడండి, వేడిగా ఉంటే సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పండి. నలుపు తెలుపు బొమ్మ పెట్టించి, తెలుపులో ఏ రంగు జీరా లేదని నిర్ధారించుకోండి. మూత మాత్రం మీరు తీయవద్దు, మెకానిక్ చేతే తీయించండి. ప్లగ్ పీకేసిన తరువాత కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

అదే దుకాణంలో కంప్యూటర్ మానిటర్ ఏదైనా సరిపోతుందని కూడా చెప్పారు. అది నిజం కాదు. తెర మీద బొమ్మ అడ్డ గీతలుగా ఏర్పడుతుంది, బీబీసీ మైక్రో సెకనుకు అలాంటి 15,625 గీతలు పంపుతుంది. పీసీలకు వాడే మామూలు వీజీఏ రకం మానిటర్‌కు దాదాపు 31,500 కావాలి, కనుక బొమ్మ నిలవదు.

ఈ టీవీని నేను పారేయలేదు. ట్యూబు పోయినా బోర్డు బాగానే ఉంది, ట్యూబు గాజులో సీసం ఉంటుంది కనుక పగలగొట్టే చోటికి పంపడం నాకు ఇష్టం లేదు. గంజాం జిల్లాలో ఎవరైనా పనిచేస్తున్న 21 అంగుళాల టీవీని తీసివేయాలనుకుంటే, పాత సామాన్లవాడిని పిలిచే ముందు నాకు ఒక్క మాట చెప్పండి. నేనే వచ్చి, చల్లగా ఉన్నప్పుడు చూసి, తగిన ధర ఇచ్చి తీసుకువెళతాను.