సాక్సుల డిజైన్ కిట్: షీటుకి ఫుల్ మార్కులు, సూదికి సగమే

మీ సాక్సులు మీరే డిజైన్ చేసుకోండి అని డబ్బా మీద పెద్దక్షరాలతో రాసిన కిట్ ఇది. లోపల 100 గ్రాముల క్రీమ్ రంగు ఉన్ని చిలప ఒకటి, 20 గ్రాముల ఎర్ర చిలప ఒకటి, 2.5 మిల్లీమీటర్ల పొట్టి గుండ్రటి సూది (రెండు మొనలని తీగతో కలిపినది), అదే సైజులో రెండు వైపులా మొన ఉన్న సూదులు ఐదు, కుట్ల మధ్య గుర్తుకి తగిలించే రింగులు, మొద్దు మొన సూది, ఒక చిన్న పుస్తకం, నాలుగు డిజైన్ షీట్లు ఉన్నాయి. షీట్లు తప్ప మిగతావన్నీ విడిగా దొరికేవే. డబ్బు పెట్టదగ్గది ఆ షీటు ఒక్కటే. చిత్రంగా, డబ్బా మీద దాని ఊసే లేదు.

నేను ఎలాంటిదాన్నో కూడా చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూ ఎంతవరకు నమ్మాలో మీకు తెలియదు. ఒక పని పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టే రకం కాదు నేను. క్రాస్ స్టిచ్ ఫ్రేము గోడకి ఆనించి ఉంది, క్రోషే దుప్పటి సంచిలో ఉంది, పూసల డబ్బాలు మంచం కింద ఉన్నాయి. సాక్సుల్లోకి దిగడానికి కారణం ఇద్దరి కాళ్లు. మావారి పాదం పైభాగం ఎత్తు, కొన్న సాక్సు ఏదైనా మడమ దగ్గర కిందికి జారిపోతుంది. అత్తయ్యకి సాయంత్రానికి చీలమండలు ఉబ్బుతాయి, ఎలాస్టిక్ అచ్చు ఎర్రగా పడుతుంది. క్రోషేతోనూ సాక్సులు చేసి చూశాను. దళసరిగా వస్తాయి, చెప్పులోకి పరవాలేదు కానీ షూలో కాలు ఇరుకైపోతుంది. సూదులతో అల్లినదానికుండే సాగుడు క్రోషేకి రాదు.

ముందు ఉన్ని సంగతి. 75 శాతం మెరీనో గొర్రె ఉన్ని, 25 శాతం నైలాన్, నాలుగు పోగులు కలిపి బాగా పురి పెట్టిన దారం. సాక్సులకి ఇదే కావాలి. నైలాన్ లేని మెత్తటి ఒంటిపోగు ఉన్ని చేతికి హాయిగా ఉంటుంది గానీ మడమ దగ్గర త్వరగా చిల్లు పడుతుంది. ఇది సూపర్‌వాష్ రకం, అంటే ఉన్ని వెంట్రుక మీద ఉండే పొలుసులు ఒకదానికొకటి పట్టుకోకుండా శుద్ధి చేసినది. మెషీన్‌లో వేసినా ముద్దకట్టదు. దానికో తిరకాసుంది: తడిస్తే ఈ ఉన్ని సాగుతుంది. అల్లినప్పుడు సరిగ్గా ఉన్న సాక్సు ఉతికాక వదులవుతుంది. అందుకే కుట్ల కొలత కోసం ముందుగా అల్లిచూసే శాంపిల్ ముక్కని ఉతికి, ఆరబెట్టి, అప్పుడే కొలవాలి. పుస్తకంలో ఈ మాట లేదు. పైగా శాంపిల్‌ని బల్లపరుపుగా, ముందుకీ వెనక్కీ అల్లమన్నారు. సాక్సు అల్లేది గుండ్రంగా కదా! గుండ్రంగా అల్లితే అన్నీ నిట్, అంటే మామూలు కుట్లే; బల్లపరుపుగా అయితే వరుస విడిచి వరుస పర్ల్, అంటే దాన్నే తిరగేసిన కుట్టు. చాలామందికి పర్ల్ కాస్త వదులుగా వస్తుంది, నాకైతే మరీను. రెండు ముక్కల కొలతా ఒకటి కాదు.

ఇక షీటు. ఒక వైపు పాదం బొమ్మ, దాని చుట్టూ ఖాళీ గళ్లు. పాదం వెడల్పు దగ్గర చుట్టుకొలత, మడమ నుంచి పాదం పైకి ఏటవాలుగా చుట్టుకొలత, కాలి చుట్టుకొలత, పాదం పొడవు, 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు. ఇవి నింపితే చాలు, పక్క గళ్లలో కూడికలూ తీసివేతలూ ఎలా చెయ్యాలో వాళ్లే గీసిచ్చారు. మావారి పాదం చుట్టుకొలత 25 సెంటీమీటర్లు. సాక్సు కాలిని పట్టి ఉండాలంటే పదో వంతు తగ్గించాలి, అంటే 22.5. నా చేతికి 10 సెంటీమీటర్లకి 32 కుట్లు వస్తాయి, కాబట్టి 72 కుట్లు. అత్తయ్యకి అదే లెక్కన 64. మామూలు ప్యాటర్న్‌లలో తరచూ కనిపించే అంకె కూడా ఈ 64. ఆ అంకె గుడ్డిగా పట్టుకుని అల్లితే మావారి కాలికి అది ఎక్కను కూడా ఎక్కదు.

మడమ గడి దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మామూలు పద్ధతి ప్రకారం సగం కుట్ల మీద, అంటే 36 మీద, 36 వరుసలు వెనక మడమ పలక అల్లుతాం. ప్రతి రెండో కుట్టునీ అల్లకుండా సూది మార్చేస్తాం కాబట్టి ఆ పలక దళసరిగా, గట్టిగా వస్తుంది. తర్వాత పలక అంచు వెంట, రెండు వరుసలకి ఒకటి చొప్పున, ఒక్కో వైపు 18 కుట్లు ఎత్తుకుంటాం. ఎత్తు పాదానికి అసలు చిక్కు ఇక్కడే. ఏటవాలు కొలత ఎక్కువ వస్తే పలకకి వరుసలు పెంచండి అని షీటు చెబుతుంది. 44 వరుసలు వేశాను, ఒక్కో వైపు 22 కుట్లు వచ్చాయి. సాక్సు మడమని వదలడం లేదు. అత్తయ్యకి పై అంచు 72తో మొదలుపెట్టి, రిబ్ (చారలుగా సాగే పై పట్టీ) అయ్యాక 64కి తగ్గించాను. కాలికీ పాదానికీ వేరు వేరు గళ్లు ఉండబట్టే ఆ ఆలోచన వచ్చింది. "ఇది కాలికి ఉందో లేదో తెలియట్లేదమ్మాయ్" అన్నారావిడ. మెచ్చుకోలే అనుకున్నాను.

షీటు వెనక వైపు డిజైన్ గీసుకునే గళ్లు. ఇవి చతురస్రాలు కావు, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. క్రాస్ స్టిచ్ చేసేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. మన చార్టుల్లో గడి చతురస్రం కాబట్టి గుండ్రటి పువ్వు గుండ్రంగానే వస్తుంది. అదే చార్టు సాక్సు మీద వేస్తే ఎవరో పైనుంచి నొక్కినట్టు అణిగిపోతుంది. అల్లిక కుట్టు అడ్డంగా వెడల్పు, నిలువుగా పొట్టి. నా లెక్కలో 10 సెంటీమీటర్లకి కుట్లు 32 అయితే వరుసలు 44. గళ్లు ఆ నిష్పత్తిలో గీసిచ్చినవాళ్లు ఎవరో గానీ అల్లిక తెలిసినవాళ్లే.

పుస్తకం రాసింది మాత్రం వాళ్లు కాదేమో. ముఖచిత్రం మీద కాలు పొడవునా క్రీమ్, ఎరుపు కలిపి అల్లిన సాక్సు ఉంది, చూడ్డానికి అందంగా ఉంది. అది కూడా 64 కుట్లే! రెండు రంగులు కలిపి అల్లినప్పుడు వాడని దారం లోపలి వైపు అడ్డంగా పాకుతుంది, దాంతో సాగుడు తగ్గిపోతుంది. పాదం పట్టినా మడమ దాటదు. కుట్లు పెంచాలని ఒక్క ముక్క లేదు. లోపలి దారాలు ఎక్కువ దూరం పాకితే కాలివేళ్లు తగులుకుంటాయని కూడా చెప్పలేదు. అంతటితో ఆగక చరిత్ర పేజీ ఒకటి పెట్టారు. ఈజిప్టులో దొరికిన పాతకాలపు ఎర్ర సాక్సుల జతని, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నదాన్ని, రెండు సూదులతో అల్లినట్టు రాశారు. సుమారు క్రీ.శ. 250 నుంచి 420 మధ్య కాలానివి అవి, చెప్పుల్లోకి సరిపడేలా బొటనవేలు విడిగా ఉంటుంది. కానీ అవి ఒకే సూదితో, పొట్టి దారం ముక్కలు అతుక్కుంటూ చేసే నాల్‌బైండింగ్ పని. సాక్సుల పుస్తకం వేసేవాళ్లకి ఈపాటి తెలియాలి.

సూదుల గురించి క్లుప్తంగా. 23 సెంటీమీటర్ల గుండ్రటి సూదితో కాలి గొట్టం చకచకా సాగుతుంది, సూదులు మార్చే చోట పడే నిలువు సందులు ఉండవు. కానీ మొనలు పొట్టివి, పట్టుకోవడానికి చోటు లేక అరచేయి లాగేస్తుంది. దానికి తోడు మొనకీ తీగకీ అతుకు దగ్గర చిన్న అంచు తగులుతోంది, ప్రతి చుట్టులోనూ కుట్లు అక్కడ మొరాయిస్తాయి. వేళ్ల దగ్గర కుట్లు తగ్గాక ఈ సూది ఎలాగూ పనికిరాదు, ఐదు సూదులే దిక్కు. అవి బాగున్నాయి. నాకైతే పొడవు తీగ సూదితో మ్యాజిక్ లూప్, అంటే మిగులు తీగని కుట్ల మధ్య నుంచి బయటికి లాగి అల్లడం, అదే సుఖం.

వేళ్ల చివర కుట్లు అతికే కిచెనర్ పద్ధతికి ఇచ్చిన ఫోటోలు తపాలా బిళ్లంత ఉన్నాయి. అర్థంకాకపోతే వదిలేయండి. కుట్లు ఎనిమిదికి వచ్చేదాకా తగ్గించి, దారం లోపలికి దూర్చి లాగి బిగించినా సాక్సు సాక్సే.

ఇంకొకటి, ఎర్ర దారం. పెద్ద పాదాలకి మడమలూ వేళ్లూ ఎరుపులో వేస్తే 20 గ్రాములు చాలవు. మొదటి సాక్సు అవగానే మిగిలిన ఉండని వంటింటి త్రాసు మీద తూచండి. సగం కన్నా తక్కువ ఉంటే రెండోదానికి చాలదు. మావారి జతకి వేళ్లు క్రీమ్‌లోనే ముగించాను, అదే డిజైన్ అని చెప్పాను.

నిట్, పర్ల్ ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి ఈ కిట్ వద్దు, ఆ పుస్తకంతో విసిగిపోతారు. టోపీయో మఫ్లరో అల్లినవాళ్లు, ఇంట్లో మామూలు కొలతకి లొంగని కాళ్లున్నవాళ్లు తీసుకోవచ్చు. ఒక్కటి చాలు. నేను మాత్రం రెండో కిట్ కొనను. మిగిలిన షీట్లలో ఒకటి ఖాళీగా ఉంచి జిరాక్సులు తీయించుకున్నాను, ఉన్ని విడిగా కొనుక్కుంటాను.