ఒకే టవరులో రెండు ఫ్లాట్లు: ఏడేళ్ల కాపురం తరువాత

హైదరాబాదులో కొండాపూర్ దగ్గరి 24 అంతస్తుల టవరులో మేము ఏడేళ్లుగా ఉంటున్నాం. మొదటి మూడేళ్లు 14వ అంతస్తులో, పడమటి ముఖంగా ఉన్న ఫ్లాటులో అద్దెకున్నాం. ఆ తరువాత అదే టవరులో 19వ అంతస్తున, ఉత్తర దక్షిణాలకు కిటికీలున్న ఫ్లాటు కొనుక్కున్నాం. మనుషులం మేమే, ఏసీలు అవే, ఫ్యాన్లు అవే. వేసవి కరెంటు బిల్లు మాత్రం దాదాపు మూడో వంతు తగ్గింది. విద్యుత్తు ఆదా చేసే భవనమని బ్రోచరులో రాసిన మాట ఇక్కడ అన్ని ఇళ్లకూ వర్తించదని అనుభవంతో చెబుతున్నాను.

హైదరాబాదులో మే రెండో వారానికి మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వస్తాడు కనుక దక్షిణపు కిటికీని చిన్న సజ్జా కాపాడుతుంది. పడమటి ఎండ అలా కాదు. నాలుగు దాటాక ఏటవాలుగా సజ్జా కిందనుంచే దూరుతుంది. దాన్ని ఆపాలంటే నిలువు పలకలో, జరుపుకునే షట్టర్లో కిటికీకి బయటివైపు ఉండాలి. లోపల ఎంత మందపు తెర వేసినా, అద్దం దాటి వచ్చిన వేడి చాలావరకు గదిలోనే నిలిచిపోతుంది. పైగా మా గోడలు అల్యూమినియం అచ్చులతో పోసిన కాంక్రీటువి. పగలంతా తాగిన వేడిని అవి రాత్రి పదింటికి పడకగదిలోకి వదిలేవి. పిల్లలు మంచాన్ని గోడకు దూరంగా లాక్కుని పడుకునేవారు. లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ కాంక్రీటు బ్లాకులైతే వేడిని ఇంత సులువుగా లోపలికి రానివ్వవు. నివాస భవనాల్లో విద్యుత్తు ఆదా కోసం 2018లో కేంద్రం తెచ్చిన నియమావళి, ఎకో నివాస్ సంహిత, గోడలూ కిటికీలూ కలిసి లోపలికి పంపే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదంటుంది. కానీ అది భవనం మొత్తానికి కట్టే సగటు. పడమటి ఇంట్లో ఉన్నవారికి ఆ సగటుతో ఒరిగేదేమీ లేదు.

ఉమ్మడి వసతులను మాత్రం మెచ్చుకోవాలి. బేస్‌మెంటు దీపాలు మనిషి అలికిడికే వెలుగుతాయి. వెయ్యి లీటర్ల నీటిని 75 మీటర్లు ఎక్కించడానికి, మోటారు నష్టాలు కలపకుండానే, 0.2 యూనిట్లు కావాలి. అందుకే నీటిలో గాలి కలిపి వాడకం తగ్గించేలా కుళాయిలకు బిగించిన ఏరేటర్లు నీటితోపాటు కరెంటునూ మిగులుస్తున్నాయి. సోలారు పలకలు ఉమ్మడి మీటరుకే కొంత ఆసరా, ఎందుకంటే 24 అంతస్తులకూ ఉన్నది ఒక్కటే పైకప్పు.

నాకు సరిపడనిది ఏసీ బయటి యూనిట్ల అమరిక. ముఖభాగం అందంగా కనబడాలని వాటిని ఇరుకైన నిలువు సందులో ఒకదానిపై ఒకటి పెట్టి ముందు జాలీ బిగించారు. కింది ఇళ్ల వేడిగాలి పైకి లేచి మా యూనిట్లలోకే వెళుతుంది. మే సాయంత్రాల్లో కంప్రెసరు గంటల తరబడి ఆగేది కాదు. సొసైటీలో రెండేళ్లు అడిగాక మా వరుసలో జాలీ సందులు వెడల్పు చేయించి, వేడిగాలిని నేరుగా బయటికి మళ్లించే రేకులు పెట్టించుకున్నాం. ఇప్పుడు కంప్రెసరు మధ్యమధ్యలో ఆగుతోంది. మిగతా మూడు వరుసలవారు ఇంకా పాత జాలీలతోనే వేసవి గడుపుతున్నారు.