రైలు కట్ట మీద రెండు రోజులు, కాలువ గట్టు మీద నాలుగు రోజులు

ఫ్రాన్సులో సైకిల్ యాత్ర అనగానే అందరూ ముందు చెప్పేది కనాల్ దు మిది పేరే. నేనూ ఆ కాలువ కోసమే తులూజ్ వెళ్ళాను. తిరిగొచ్చాక మాత్రం ఎవరడిగినా ముందు పాస పాయిస్ అనే పాత రైలు దారి గురించి చెబుతున్నాను. ఎందుకో రాస్తాను.

మా అన్నయ్య తులూజ్‌లో విమానాల కంపెనీలో పనిచేస్తాడు. అక్టోబరు మొదటి వారం సెలవు పెట్టాడు. తనకి సొంత గ్రావెల్ బైక్, అంటే మట్టి, కంకర దారుల్లో తొక్కే సైకిల్ ఉంది, నాకు అద్దెకి తీసుకున్నాం. ఇద్దరం ముందే ఒక మాట అనుకున్నాం: వీలైనంత వరకూ కార్లు తిరిగే రోడ్డెక్కకూడదు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున తొక్కినా వెనక ఏ లారీ వస్తోందో అన్న టెన్షన్‌తోనే తొక్కుతాను. ఆ టెన్షన్ లేకుండా ఆరు రోజులు తొక్కితే ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను.

తులూజ్ మతబియో స్టేషన్ నుంచి మజామేకి లోకల్ రైల్లో రెండు గంటల లోపే. సైకిళ్ళకి విడిగా డబ్బు కట్టలేదు. కానీ పెట్టెలో సైకిళ్ళు పట్టే చోటు తక్కువ, అందుకే వారం మధ్యలో ఎక్కాం. మజామేలో దిగి కాసేపు తొక్కితే పాస పాయిస్ మొదలవుతుంది. మజామే నుంచి బెదారియో దాకా సుమారు 80 కిలోమీటర్లు. ఒకప్పుడిది రైలు మార్గం. 1972లో ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. తర్వాత పట్టాలు తీసేసి ఆ కట్టనే నడిచేవాళ్ళకీ, సైకిళ్ళకీ, గుర్రాలకీ వదిలేశారు. ఇలాంటి దారుల్ని అక్కడ 'వోయ్ వెర్ట్' అంటారు, అంటే పచ్చబాట. బండ్లు రాకుండా ఊరి రోడ్లు దాటే ప్రతిచోటా అడ్డకర్రలు ఉంటాయి.

దారి చాలావరకు మన మొరం రోడ్డు మీద రోలర్ తిప్పినట్టు ఉంది. 35 మిల్లీమీటర్ల టైరు చాలు. ఎక్కడైనా రైలు ఎక్కగలిగినంత ఎత్తే కాబట్టి కూర్నియూ వైపు ఎక్కేటప్పుడు కూడా మాట్లాడుకుంటూ తొక్కాం. కూర్నియూ దగ్గర ఫెనీ సొరంగం వస్తుంది, ముప్పావు కిలోమీటరుకి పైనే పొడవు. లోపలికి వెళ్ళగానే చలి. పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడుతుంటే టైర్ల కింద కంకర చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఇవతల కురిసిన వాన అట్లాంటిక్‌కి పోతుంది, అవతల కురిసింది మధ్యధరా సముద్రానికి. ఆ తేడా కంటికి కనిపించింది కూడా. ఇటు తడి, నాచు, నల్లటి అడవి. అటు బయటికొచ్చి కాస్త దిగేసరికి ఎండ, చెస్ట్‌నట్ చెట్లు. దారంతా ముళ్ళ కాయలు పగిలి గింజలు రాలి ఉన్నాయి. అన్నయ్య ఆగి జేబుల నిండా నింపాడు.

సెయింట్ పోన్స్‌లో ఒక చాంబ్ర్ దోత్‌లో దిగాం, అంటే ఇంటివాళ్ళే గదులిచ్చే పద్ధతి. అలాంటి ఇంట్లో అయిదు గదులకి మించి అద్దెకివ్వడానికి వీల్లేదు, గదితో పాటు పొద్దున్న టిఫిన్ ఉంటుంది. ఇద్దరికీ కలిపి 85 యూరోలు. ఇంటావిడ సైకిళ్ళని గారేజీలో పెట్టించి తాళం మా చేతికే ఇచ్చింది. మేం అడక్కముందే చెయిన్ తుడుచుకోడానికి పాత గుడ్డలు తెచ్చింది. పొద్దున్న రొట్టెతో పాటు ఆవిడే చేసిన చెస్ట్‌నట్ జామ్ పెట్టింది. ఆరు రాత్రుల్లో, అంటే మొదట అన్నయ్య ఇంట్లో గడిపింది కూడా లెక్కేసుకుంటే, హాయిగా నిద్రపట్టింది అక్కడే.

దిగడానికి 'అక్యూయ్ వెలో' గుర్తున్న చోట్లు వెతుక్కోండి. సైకిల్ దారికి అయిదు కిలోమీటర్లలోపు ఉండి, సైకిల్‌కి భద్రమైన చోటు, రిపేరు సామాన్లు ఉన్నవాళ్ళకే ఆ గుర్తు ఇస్తారు. కాలువ దగ్గర ఆ గుర్తు లేని ఒక గదిలో దిగితే, ఫోన్లో చెప్పిన తాళం షెడ్డు అక్కడ లేనే లేదు. గేటు లేని పెరట్లో సైకిళ్ళు కట్టేసి రాత్రంతా నాలుగుసార్లు లేచి చూశాను.

రెండో రోజు ఓలార్గ్ దగ్గర జోర్ నది మీద పాత ఇనుప రైలు వంతెన దాటాం. వంతెన మధ్యలో ఆగితే, కొండ మీద ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్న ఇళ్ళు, వాటి పైన గంట స్తంభం. ఈ యాత్రలో నేను ఎక్కువసేపు ఆగింది ఆ వంతెన మీదే. మోన్స్ దగ్గర 'కారూ' అనే కొండ పక్కకే వచ్చేస్తుంది. నా అద్దె సైకిల్ బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయన్న సంగతి ఆ దిగుడులో తెలిసింది. అద్దెకి తీసుకునేటప్పుడు రెండు చక్రాలూ పైకెత్తి, బ్రేకు నొక్కి చూసుకోండి. నేను చూసుకోలేదు. బెదారియో నుంచి బేజియేకి రైల్లో వెళ్ళి అక్కడ మార్పించుకున్నాను. ఆ లైనులో రోజుకి కొన్ని రైళ్ళే, టైము ముందే చూసుకోవాలి.

ఇక కాలువ. పియేర్ పోల్ రికే అనే ఆయన 14వ లూయీ కాలంలో తవ్వించాడు. 1666లో అనుమతి వచ్చింది, 1681లో పూర్తయింది, ఆయన అంతకు కొన్ని నెలల ముందే పోయాడు. తులూజ్ నుంచి 'తో' అనే సరస్సు దాకా 240 కిలోమీటర్లు. బేజియే దగ్గర ఫోన్సెరాన్‌లో వరస లాకుల గుండా పడవలు 21 మీటర్లకి పైగా ఎత్తు మెట్లు మెట్లుగా ఎక్కుతాయి. "మన ధవళేశ్వరం లాకులు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టుందిరా" అన్నాడు అన్నయ్య. అమ్మమ్మగారి ఊరు అక్కడే కాబట్టి లాకులు, గట్టు, తలుపులు ఎత్తడం మాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటలే. ఒక పడవ పైకి చేరేదాకా నిలబడి చూశాం.

కానీ గ్రావెల్ తొక్కడానికి ఈ గట్టు అంతటా ఒకేలా లేదు. కాపెస్తాంగ్, లె సోమాయ్, ఓంప్స్ మధ్య చాలాచోట్ల అడుగు వెడల్పు కాలిబాటే. ప్లాటాన్ చెట్ల వేళ్ళు పైకి లేచి చేతులకి కుదుపు. 40 మిల్లీమీటర్లకి తక్కువ టైరుతో రావద్దు. పైగా ఆ చెట్లకి జబ్బు. 2006లో ఈ కాలువ మీద బయటపడ్డ శిలీంధ్రం వల్ల, 42,000 ప్లాటాన్లలో వేలకి వేలు కొట్టేయాల్సి వచ్చింది. కొన్నిచోట్ల కిలోమీటర్ల కొద్దీ మోడులు, వాటి పక్కన కర్రలకి కట్టిన పిల్ల మొక్కలు. రకరకాల జాతులు నాటుతున్నారు. నీడ రావడానికి ఇంకో తరం పడుతుంది. మనసు చివుక్కుమంది.

చెట్లు లేకపోతే గాలి కూడా ఆగదు. అక్కడ సెర్స్ అని పడమటి గాలి వీస్తుంది. మేం బేజియే నుంచి కార్కసోన్ వైపు తొక్కడంతో రెండు రోజులూ ఎదురుగాలే. మీరు తులూజ్‌లో మొదలుపెట్టి బేజియే వైపు వెళ్ళండి.

కార్కసోన్ కోట గొప్పదే, 52 బురుజులు, రెండు వరసల గోడలు. మేం మాత్రం కింద ఊళ్ళో, కాలువకి దగ్గర్లో ఉన్నాం. గది చవక, పొద్దున్నే గట్టెక్కడం తేలిక.

తిండి విషయం విడిగా చెప్పాలి. నేను మాంసం తినను. కాస్తెల్నోదారీ ఊరి పేరు చెబితే అందరూ కస్సూలే అంటారు, అందులో చిక్కుళ్ళతో పాటు బాతు, పంది మాంసం ఉంటాయి. ఒట్టి కూరగాయల సలాడ్ అడిగినా పంది మాంసం ముక్కలు చల్లి తెస్తారు. "సాన్ వియాండ్, సాన్ పువాసాన్" అని రెండూ చెప్పాలి, మాంసం వద్దు, చేప వద్దు అని. ఆమ్లెట్టు, మేకపాల చీజ్ ఎక్కడైనా దొరికాయి. మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, సోమవారం చాలా ఊళ్ళలో బేకరీ కూడా ఉండదు. వదిన కట్టిచ్చిన పులిహోర మొదటి రెండు రోజులు ఆదుకుంది. తాగే నీళ్ళు స్మశానాల గేటు పక్కన కుళాయిల్లో పట్టుకున్నాం, అక్కడ సైకిలువాళ్ళంతా చేసేది అదే. 'తాగరాదు' అని బోర్డుంటే మాత్రం వదిలేయండి.

ఆఖరి రోజు నోరూజ్‌లో ఆగాం. కాలువకి అదే అన్నిటికన్నా ఎత్తయిన చోటు, 189 మీటర్లు. నల్లకొండల నుంచి ఒక పిల్ల కాలువ వచ్చి అక్కడ కలుస్తుంది. ఆ నీళ్ళు కొన్ని తులూజ్ వైపు, కొన్ని సముద్రం వైపు పోతాయి. ఈ నీళ్ళు లేకపోతే పెద్ద కాలువే లేదు. అక్కణ్ణించి కాసేపటికి పోర్ లోరాగే వస్తుంది, తర్వాత తులూజ్ దాకా 50 కిలోమీటర్లూ తారు, అందులో చెప్పడానికేం లేదు. నా మనసు ఆ పిల్ల కాలువ మీదే ఉండిపోయింది. దాని గట్టు వెంట సుమారు 38 కిలోమీటర్లు, రెవెల్ దాటి పోన్ క్రూజే దాకా మట్టి దారి ఉంది. ఏప్రిల్‌లో ఆ దారికి వదిన కూడా వస్తానంది, తనకి సరిపోయే సైకిల్ కోసం అన్నయ్య ఇప్పట్నుంచే వెతుకుతున్నాడు.