స్పామ్ ఫిల్టర్ పెట్టించారా? అందులో 'డిలీట్ ఇట్' టిక్ ఉందేమో చూసుకోండి

నెల్లూరు, ఒంగోలు వైపు రొయ్య పిల్లల హ్యాచరీలకు, గ్రానైట్ ఆఫీసులకు వచ్చి "మీ జీమెయిల్‌కి చెత్త మెయిల్స్ రాకుండా చేస్తాం" అని డబ్బు తీసుకునేవాళ్లతో జాగ్రత్త. మా ఆఫీసులో ఒకతను చేసిపోయింది ఇదీ: 'ఫ్రీ', 'క్రెడిట్', 'ఆఫర్', 'అర్జెంట్' అన్న మాటల్లో ఏది కనబడినా డిలీట్.

వనామీ రొయ్య సీడ్ కాగితాల్లో 'స్పెసిఫిక్ పాథోజెన్ ఫ్రీ' (ఫలానా రోగకారక క్రిములు లేనిది) అని ఉంటుంది. చీమకుర్తి బ్లాక్ గ్యాలక్సీ గ్రానైట్‌కి రేటు అడిగే విదేశీ బయ్యర్ 'ఫ్రీ ఆన్ బోర్డ్' (ఓడ ఎక్కించేదాకా ఖర్చు అమ్మేవాడిదే) అంటాడు, 'లెటర్ ఆఫ్ క్రెడిట్' (బయ్యర్ బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) అంటాడు. ఫిల్టర్ సబ్జెక్టే కాదు, లోపలి మ్యాటర్ కూడా చూస్తుంది కాబట్టి ఆ మెయిల్స్ అన్నీ ట్రాష్‌లో పడతాయి. స్పామ్ ఫోల్డర్‌లో ఎంత వెతికినా దొరకవు. 30 రోజులు దాటితే ట్రాష్‌లో కూడా ఉండవు. మనం జవాబివ్వలేదని బయ్యర్ ఇంకొకరి దగ్గరికి పోతాడు. అసలు స్పామ్ పంపేవాడేమో 'ఓ' బదులు సున్నా కొట్టి, లేదా మ్యాటరంతా ఫొటోగా పెట్టి హాయిగా లోపలికొస్తాడు.

ఇవాళే జీమెయిల్‌ని కంప్యూటర్లో తెరవండి, ఫోన్ యాప్‌లో ఫిల్టర్లు కనబడవు. పైన గేర్ గుర్తు, 'సీ ఆల్ సెట్టింగ్స్', అందులో 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్'. 'డిలీట్ ఇట్' ఉన్న ప్రతిదాన్నీ ఎడిట్ చేసి ఆ టిక్ తీసేయండి. బదులుగా 'స్కిప్ ద ఇన్‌బాక్స్', 'అప్లై ద లేబుల్' పెట్టి, లేబుల్‌కు 'అనుమానం' అని పేరివ్వండి. వారానికోసారి దాన్ని తిరగేస్తే చాలు. ట్రాష్‌లో ఇంకా మిగిలినవి వెంటనే ఇన్‌బాక్స్‌కి మార్చుకోండి.

ఫిల్టర్‌లో కొత్త మాట పెట్టాలంటే 'క్రియేట్ ఫిల్టర్' కంటే ముందు 'సెర్చ్' నొక్కండి. ఆ మాట ఉన్న పాత మెయిల్స్ వస్తాయి. వాటిలో మన కస్టమర్ మెయిల్ ఒక్కటి ఉన్నా ఆ మాట వద్దు. ఒంటి మాట కన్నా కోట్స్‌లో పూర్తి వాక్యం మేలు. రెగ్యులర్ బయ్యర్ల అడ్రసులకు 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' పెట్టండి.

అన్నిటికన్నా భయపడాల్సింది 'ఫార్వర్డ్ టు' అన్న వరస, అంటే మన మెయిల్స్‌ని ఇంకో అడ్రస్‌కి పంపేది. ఫిల్టర్లలోనూ, 'ఫార్వర్డింగ్' ట్యాబ్‌లోనూ తెలియని అడ్రస్ ఉందేమో చూడండి. ఉంటే మన ఇన్వాయిస్‌లు ఎవరో చదువుతున్నట్టే. బ్యాంకు ఖాతా నంబరు మార్చిన ఇన్వాయిస్ మన పేరుతో బయ్యర్‌కి పంపగలరు. ఆ అడ్రస్ తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) ఆన్ చేయండి. బయ్యర్లకు ఫోన్ చేసి మన ఖాతా నంబరు మారలేదని చెప్పండి. ఇప్పటికే డబ్బు పోయుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.