ఊటీ, కొడైకెనాల్, హార్స్‌లీ హిల్స్: ఏది మేలు?

ఎండలు ముదిరి పిల్లలకు సెలవులిచ్చేసరికి మా మదనపల్లె వైపు చాలా ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. ఊటీకి పోదామా, కొడైకెనాల్‌కు పోదామా, లేక ఇంత దూరం ఎందుకని పక్కనున్న హార్స్‌లీ కొండెక్కి ఒక రాత్రి ఉండి వద్దామా అని. మూడింటినీ ఒకటికి రెండుసార్లు చూసినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడు రోజుల తీరిక ఉన్న కుటుంబానికి కొడైకెనాల్ మేలు. కొండ రైలులో చోటు దొరికితే మాత్రం ఊటీకే పోవాలి. హార్స్‌లీని ఆ రెండింటితో పోటీకి నిలబెట్టడం న్యాయం కాదు గానీ, దానికి ఉండవలసిన చోటు దానికి ఉంది.

ఈ మూడూ ఒకప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ కొండలే. మూడింటి ఎదుగుదలలోనూ మైదానపు ఎండకు తాళలేని ఒక్కో ఆంగ్లేయ కలెక్టరు చెయ్యి ఉంది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో నీలగిరులెక్కాడు. కొద్ది సంవత్సరాలలోనే అక్కడ రాతి బంగళా కట్టించి, వాగుకు అడ్డుకట్ట వేయించి చెరువు చేయించాడు. కొడైకెనాల్‌లో నక్షత్రం ఆకారంలో కనిపించే చెరువును 1863లో చేయించింది మదురై కలెక్టరుగా పనిచేసిన వీర్ హెన్రీ లెవింజ్. కడప కలెక్టరు హార్స్‌లీ మన కొండ మీద వేసవి విడిది కట్టుకున్నాడు, కొండకు ఆయన పేరే నిలిచిపోయింది. అయితే వీళ్లు ఎక్కేనాటికి ఆ కొండలేవీ దిక్కులేనివి కావు. నీలగిరులు తోడా, బడగ, కోత అనే కొండ ప్రజలవి. ఊటీ అన్న పొట్టిపేరు వచ్చిన ఉదకమండలంలో ‘మండ్’ అంటే గేదెలను దైవంగా చూసుకునే తోడాల పల్లె. ఈ సంగతి తెలిసి వెళ్లినవారికి బొటానికల్ గార్డెన్ పైవైపున ఉన్న తోడాల పల్లె, అర్ధచంద్రంలా వంగిన వాళ్ల గుడిసె ఆకారం, కింద పూలమడుల కన్నా ఎక్కువ గుర్తుండిపోతాయి.

ఊటీ ఎత్తు దాదాపు 2,240 మీటర్లు. మద్రాసు ప్రభుత్వం ఏటా వేసవిలో కాగితాలతో, గుమాస్తాలతో సహా ఇక్కడికి తరలివచ్చేది. అందువల్ల ఇది మొదటినుంచీ అధికారుల ఊరు. పెద్ద భవనాలు, గుర్రప్పందాల మైదానం, క్లబ్బు, చర్చి అన్నీ ఆ కాలపువే. 1829లో పునాది పడిన సెయింట్ స్టీఫెన్ చర్చికి వాడిన దూలాలు శ్రీరంగపట్నంలోని టిప్పు సుల్తాన్ మహల్ నుంచి తెచ్చినవని తెలిసి లోపలికి వెళ్తే ఆ కప్పు వంక చూడకుండా ఉండలేం. 1848లో మొదలైన బొటానికల్ గార్డెన్‌కు ఒక గంట కాదు, ఒక పూట ఇవ్వాలి. దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. మబ్బు లేని ఉదయమైతే వెళ్లండి, మబ్బు పట్టినప్పుడు పైనుంచి కనిపించేది తెల్లని గోడ మాత్రమే.

కానీ ఊటీకి అసలు విలువ తెచ్చేది ఆ ఊరు కాదు, ఊరికి చేర్చే రైలు. మెట్టుపాళయం నుంచి కూనూరు వరకు 1899లోనూ, అక్కడినుంచి ఊటీ వరకు 1908లోనూ మొదలైన ఈ మార్గాన్ని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దూరం 46 కిలోమీటర్లే అయినా ఎక్కడానికి ఐదు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. కల్లార్ స్టేషను దాటేవరకు మామూలు రైలే. ఆ తర్వాత రెండు పట్టాల నడుమ రంపంలాంటి పళ్ల పట్టా మొదలవుతుంది, ఇంజను కింది పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున పైకి పాకుతుంది. ఇంజను ముందు ఉండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. అందుకే ముందు బోగీలో కూర్చున్నవారికి ఎదురుగా అడవి, లోయ, సొరంగం తప్ప మరేమీ అడ్డుండవు. ప్రతి బోగీ కొసనా ఒక బ్రేకు మనిషి నిలబడి ఉంటాడు. నడుమ ఒకచోట ఇంజను నీళ్లు తాగడానికి ఆగినప్పుడు అందరూ దిగి టీ తాగుతారు. దిగినప్పుడు పట్టాల మధ్యకు వంగి చూడండి, నల్లని నూనె జిగురుతో మెరిసే ఆ పళ్లు నూరేళ్లకు పైగా మనుషుల్ని కొండెక్కిస్తున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చేవారు కోయంబత్తూరులో దిగి, రాత్రి మెట్టుపాళయంలో ఉండి, పొద్దున ఏడు గంటల రైలు అందుకోవాలి. టికెట్లు ఎంతో ముందుగా అయిపోతాయి, వానాకాలంలో కొండచరియలు పడి రైలు రోజుల తరబడి ఆగిపోతుంది కూడా.

రైలు దొరకక కారులో పోతే ఊటీ వేరుగా ఉంటుంది. మే నెలలో ఒకసారి మేము కూనూరు దారిలో అంగుళం అంగుళం కదులుతూ మూడు గంటలు కూర్చున్నాం. పైకి చేరేసరికి పిల్లలకు వాంతులు, పెద్దలకు విసుగు. సల్లివాన్ చెరువులో కొంత భాగం పూడిపోయి బస్‌స్టాండుగా, పందాల మైదానంగా మారిందంటే ఊరు ఎంత ఇరుకైపోయిందో అర్థమవుతుంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ రెండింటికీ ఈ-పాస్ అనే ఆన్‌లైన్ అనుమతి తప్పనిసరి అయింది. 2025 వేసవిలో రోజుకు ఇన్ని వాహనాలే అన్న పరిమితి కూడా పెట్టారు. ఇది మనకు ఇబ్బందే అయినా కొండకు మేలని నా నమ్మకం. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కనిపిస్తే అధికారులు లాక్కుంటారు కాబట్టి ఇంటినుంచి స్టీలు సీసా తీసుకెళ్లండి.

కొడైకెనాల్‌ది మరో రకమైన పుట్టుక. కలెక్టర్లకు ముందే, 1845లో, మదురై జ్వరాలకు ప్రాణాలు పోతుంటే అమెరికా మిషనరీలు అక్కడ రెండు ఇళ్లు కట్టుకున్నారు. దర్బారు కోసం కాక బతకడం కోసం వెలసిన ఊరు కనుక దానిలో ఆర్భాటం తక్కువ. ఎత్తు దాదాపు 2,100 మీటర్లు, చలిలో ఊటీకి పెద్దగా తీసిపోదు. చెరువు చుట్టూ ఐదు కిలోమీటర్ల బాట ఉంది, అద్దె సైకిలు మీదైనా నడిచైనా పొద్దునే ఒక చుట్టు తిరిగితే ఆ రోజుకు అది చాలు. కోకర్స్ వాక్ అనే కొండవాలు బాట కిలోమీటరు పొడవు. ఒకవైపు లోయ, ఎదురుగా లోయలోంచి లేచి వచ్చి బాటను కమ్మేసే పొగమంచు. రెండు నిమిషాల క్రితం కనిపించిన ఊళ్లు కళ్లముందే మాయమవుతాయి. పిల్లర్ రాక్స్, కురింజి ఆండవర్ గుడి కూడా చూడదగినవే. పన్నెండేళ్లకొకసారి పూసే నీలకురింజి పేరు మీద వెలసిన దేవుడాయన.

ఇక్కడ మనవాళ్లలో చాలామంది చూడకుండా వచ్చేసే చోటు ఒకటుంది, నా దృష్టిలో కొడైకెనాల్‌కు మొగ్గు అక్కడే. అది సౌర పరిశోధనాలయం. 1876–78 నాటి ధాత కరువు మన రాయలసీమను ఊడ్చిపెట్టింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వానలు ఎందుకు తప్పాయి, సూర్యుడి మీది మార్పులకూ రుతుపవనాలకూ సంబంధం ఉందా అన్న ప్రశ్న ఆ చావుల తర్వాతే గట్టిగా పుట్టింది. దాని ఫలితంగా మబ్బులకు పైన ఒక నిర్మలమైన కొండను వెతికి 1899లో ఇక్కడ పరిశోధనాలయం పెట్టారు. 1909లో జాన్ ఎవర్‌షెడ్ సూర్యమచ్చలలో వాయువు లోపలినుంచి బయటకు ప్రవహిస్తుందని కనుక్కున్నది ఇక్కడే, అందుకే ఆ ప్రవాహానికి ఆయన పేరు పెట్టారు. నూరేళ్లకు పైబడిన సూర్యుడి ఫొటోలు అక్కడ భద్రంగా ఉన్నాయి. మా తాతల నోట గంజి కేంద్రాల కథలు విన్న నాకు, ఆ కరువుకు జవాబు వెతికిన గోపురం ముందు నిలబడినప్పుడు గొంతు పట్టేసింది. పిల్లలకు ఆ కథ చెప్పి తీసుకెళ్తే పడవ షికారుకన్నా ఎక్కువ అడుగుతారు.

కొడైకెనాల్‌కు ఉన్న లోటు దారి. రైలులో వచ్చి కొడై రోడ్ స్టేషనులో దిగితే అక్కడినుంచి దాదాపు 80 కిలోమీటర్లు ఘాట్ దారిలో పోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఊటీ తోటలు అనువు, కొడై వాలు బాటలు కష్టం. మురుగన్ మొక్కు ఉన్నవారికి మాత్రం పళని 65 కిలోమీటర్లే కాబట్టి రెండు పనులూ ఒక ప్రయాణంలో అవుతాయి.

ఇక మన హార్స్‌లీ. నాలుగు వేల అడుగులు దాటిన కొండ అంతే, మిట్టమధ్యాహ్నం ఎండ ఎండే. అక్కడికి చలి కోసం పోయినవాళ్లు నిరాశపడి తిరిగొస్తారు. రాత్రి కోసం, తెల్లవారుజాము కోసం పోవాలి. సాయంత్రం గాలిబండ మీద కూర్చుంటే నీలగిరి చెట్ల వాసన మోసుకొచ్చే గాలికి చీర కొంగులు, పంచెలు నిలవవు. ఆ కొండ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన పిల్ల మల్లమ్మ కొండవాసుల జబ్బులు నయం చేస్తూ ఉండి, ఒకనాడు కనిపించకుండా పోయిందని చెప్పుకుంటారు, ఇప్పటికీ ఆమె గుడిలో మొక్కులు చెల్లిస్తారు. కలెక్టరు పేరు బోర్డు మీద ఉంది గానీ, మా నాయనమ్మ ఏనాడూ ఆ పేరు పలకలేదు. ఆమెకు అది మల్లమ్మ కొండే. బెంగళూరు నుంచి, తిరుపతి నుంచి మూడు నాలుగు గంటల్లో చేరవచ్చు. శనివారం సాయంత్రం ఎక్కి ఆదివారం మధ్యాహ్నం ఎండ ముదరక ముందే దిగిపోండి.